సత్యమ్మ విమానం, ముత్తయ్య కాంటా

మిర్యాలగూడలో మా మేనమామ రైసు మిల్లు గేటు దాటగానే, బస్తాలు తూచే కాంటా షెడ్డు పక్కన, వేపచెట్టు నీడలో రెండు విమానం సీట్లు కనిపిస్తాయి. బొమ్మవి కావు, నిజమైనవే. నీలం గుడ్డ వెలిసిపోయి ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. ఒకదాని చేతికి సిగరెట్టు బూడిద దులుపుకునే చిన్న గిన్నె ఇప్పటికీ తెరుచుకుంటుంది. నడుం బెల్టులు మాత్రం చెక్కుచెదరలేదు. వడ్లు తెచ్చిన రైతులు తమ ట్రాక్టర్ వంతు వచ్చేదాకా వాటిలో కూలబడి కునుకు తీస్తారు. మామకు కంటి ఆపరేషన్ అయిందంటే చూసి రావడానికి మొన్న సూర్యాపేట నుంచి పోయాను. గేటు దగ్గర కొత్తగా చేరిన వాచ్‌మన్‌ను "ఈ సీట్లు ఎక్కడివో తెలుసా?" అని అడిగితే, "ఏదో పాత లగ్జరీ బస్సువంట మేడమ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మమ్మ పేరు పొట్ట మీద రాసుకుని ఆకాశంలో ఎగిరిన విమానాన్ని పట్టుకుని బస్సంటాడా! కాసేపాగి ఆలోచిస్తే అతని తప్పేమీ లేదనిపించింది. మా వాళ్లందరూ దాన్ని బస్సనుకునే నడిపారు.

మామ పేరు రాఘవరెడ్డి. అమ్మకు ఒక్కగానొక్క అన్న. ఎవరైనా వద్దంటే తప్ప ఏ పనీ మొదలుపెట్టని రకం. ఎదురు మిల్లు ఆసామి ఊళ్లో సినిమా హాలు కట్టించేసరికి మామకు అన్నం సయించడం మానేసింది. అంతకంటే పెద్దది ఏదో ఒకటి చేయాలి, అదేమిటో తెలియదు. ఆ రోజుల్లోనే ఏదో పని మీద ఢిల్లీ పోతూ మొదటిసారి విమానం ఎక్కాడు. గుమ్మంలోనే ఒక అమ్మాయి చేతులు జోడించి నమస్కారం పెట్టి, ఆ తర్వాత పళ్లెంలో చాక్లెట్లు పట్టుకొచ్చిందట. ఇన్నేళ్లుగా ఇన్ని వేల బస్తాలు ఆడించినా మిర్యాలగూడలో తనకెవరూ ఒక్క చాక్లెట్ పెట్టలేదని మామకు అప్పుడే తట్టింది. ప్రైవేటు వాళ్లు కూడా విమానాలు నడుపుకోవచ్చని సర్కారు కొత్తగా తలుపులు తెరిచిన కాలమది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటూనే ప్రకటించేశాడు.

"విమానమంటే ఏం లేదే అమ్మా. గుంతలు లేని తొవ్వ మీద బస్సు. టైర్లు అరగవు, నడుమల ఎవడు ఆపడు."

"పైకి పోయినంక ఆగిపోతే?" అంది అమ్మమ్మ, పచ్చిపులుసు వడ్డిస్తూ.

"ఎందుకాగుతది?"

"నీ మిల్లు మోటరు ఎందుకాగుతదో గందుకే."

ఆ ఇంట్లో విమానాల గురించి ఎవరైనా తెలివైన మాట అనడం అదే మొదలు. చాలా కాలం వరకు అదే చివర కూడా.

మామ ఇల్లు మిల్లు ఆవరణలోనే ఉండేది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడకబెట్టే ఆవిరి తెల్లారకముందే కిటికీల్లోంచి లోపలికి వచ్చేది. తడి గోనె వాసన, దాని వెనక కొంచెం పులిసిన వాసన, ఆ వెనక పొయ్యిలో కాలే ఊక వాసన. బయటివాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. నాకిప్పటికీ ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. కంచం మీద మూత పెట్టకపోతే అన్నం మీద సన్నగా ఊక దుమ్ము పేరుకునేది, మేము ఊదుకుని తినేవాళ్లం. అమ్మమ్మ సత్యమ్మ వేములపల్లి పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరే ఉండేది. పగలంతా అరుగు మీద నులక మంచంలో కూర్చుని చుట్ట కాల్చేది. ఆమెకొక పద్ధతి ఉండేది. బియ్యం లోడుతో బయలుదేరే ప్రతి లారీ డ్రైవరూ ఆమె ముందు కూర్చుని తిని పోవాలి. తింటున్నంతసేపూ వాడి మొహంలోకే చూసేది. "కండ్లు ఎర్రగున్నయ్. పండుకొని పో" అంటే ఇక తిరుగులేదు. లారీ తాళం చెవి తీసి కొంగున ముడేసుకునేది. మామ వచ్చి సరుకు ఆలస్యమవుతుందని కేకలు వేసినా, "బియ్యం పాడైతయా? రేపు పోతయ్" అనేది. వాడు నిద్ర లేచి మొహం కడుక్కుని వస్తేనే ముడి విప్పేది. ఆ ముడి విలువ మాకప్పుడు తెలియదు. ముసలామె చాదస్తమని నవ్వుకునేవాళ్లం.

మిల్లులో ఇంకో ముఖ్యుడు కాంటా ముత్తయ్య. వడ్ల బస్తా కాంటా మీద పడగానే ముల్లు ఎంత చూపినా ముత్తయ్య నోట ఆ అంకె వచ్చేది కాదు. గోనె బరువుకు కొంత, తాలు గింజలకు కొంత, తేమకు కొంత కోసి, మిగిలింది పాటలాగా పలికేవాడు. గుమాస్తా రాసుకునేవాడు. ఇలా కోసేదాన్ని తరుగు అంటారు. రైతు నెత్తీ నోరూ బాదుకున్నా ముత్తయ్య వినిపించుకునేవాడు కాదు. అలాగని దుర్మార్గుడు కాదు, ఒక్క గింజ జేబులో వేసుకోలేదు. తరుగు పోయాక మిగిలేదే అసలు బరువని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. ముల్లు చెప్పేది ముల్లు అభిప్రాయం, అంతే.

విమానాన్ని ఎక్కడో విదేశం నుంచి కిరాయికి తెచ్చారు. పద్దెనిమిది సీట్లు, రెక్కల ముందు గిర్రున తిరిగే రెండు పంకాలు. తోక మీద వరి కంకి, పొట్ట మీద 'శ్రీ సత్యమ్మ ఎయిర్ సర్వీసెస్' అని పసుపు అక్షరాలు. పొద్దున హైదరాబాద్ నుంచి విజయవాడ, సాయంత్రం మళ్లీ వెనక్కి. సూర్యాపేట బస్టాండు ఎదురుగా మా నాయినకు టీ హోటల్ ఉండేది. ఆ దారిన పోయే బస్సులన్నీ అక్కడ ఆగేవి. విషయం విని ఆయన ఒకే ముక్క అన్నాడు: "సూర్యాపేటల ఆగని బండి ఎట్ల నడుస్తది?" అందరూ పగలబడి నవ్వారు. బస్సులో అయితే నడుమ ఊళ్లన్నిటిలో జనం ఎక్కి దిగుతారు, సీటు ఖాళీగా ఉండదు, విమానానికి ఆ సౌకర్యం లేదు అని ఆయన ఉద్దేశం. తర్వాత పెద్ద పెద్ద ఫీజులు తీసుకుని మామకు సలహాలిచ్చిన వాళ్లెవరూ అంతకంటే పనికొచ్చే మాట చెప్పలేదు.

నాకప్పుడు డిగ్రీ అయిపోయింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఉప్మా తిని పోతున్నారు. "ఇంట్ల కూసొని ఏం జేస్తది, కౌంటర్ల కూసుంటది" అని మామ నన్ను హైదరాబాద్ తీసుకుపోయాడు. మామిడి పిందె రంగు చీర, ఛాతీ మీద నా పేరున్న బిళ్ల. విజయ అని ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ బిళ్ల నిద్రపోయేటప్పుడు కూడా తలగడ కింద పెట్టుకునేదాన్ని.

విమానం నడిపేది కెప్టెన్ కోటేశ్వరరావు గారు. కోదాడ మనిషి. మిలటరీలో నడిపి రిటైరై, ఇంటి దగ్గర తోచక మా దగ్గర చేరారు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో పెరుగన్నం క్యారియర్. రోజూ బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరుగుతూ, సంతలో ఎద్దును కొనేవాడిలా ప్రతిచోటా చెయ్యేసి తడిమి చూసేవారు. మామకు ఆయనంటే గౌరవమూ ఉండేది, ఒళ్లుమంటా ఉండేది. మొదటి రోజు మామ పంకాల ముందు కొబ్బరికాయలు కొట్టించి, గుమ్మడికాయ పగలగొట్టించాడు. పూజ అయ్యాక కెప్టెన్ గారు చీపురు తెప్పించి మా బంధువులందరితో ఆ నేలంతా ఊడిపించారు. "దేవుడికి మీరిచ్చింది ముట్టిందండీ. ఒక్క పెంకు ముక్క ఎగిరి ఆ పంకాకు తగిలితే మనమూ ఆయన దగ్గరికే ముడతాం" అన్నారు. పట్టుచీరల్లో మా అత్తలు వంగి పెంకులు ఏరుతుంటే నాకు నవ్వాగలేదు.

చిన్న విమానం కాబట్టి ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి పెట్టెనూ తూచి లెక్క రాయాల్సిందేనని కెప్టెన్ గారు పట్టుబట్టారు.

"మనిషిని కాంటా మీద నిలబెడితే ఎవడన్న ఎక్కుతడా కెప్టెన్ సాబ్?" అన్నాడు మామ.

"ఎక్కకపోతే మీకు నష్టమండీ. లెక్క తప్పి ఎక్కితే అందరికీ నష్టం."

మామ ఇట్టే ఒప్పుకున్నాడు. ఎందుకంటే తూకం విషయంలో ఆయనకు దిగులే లేదు. "మా ముత్తయ్యను మించిన కాంటా మనిషి జిల్లాలనే లేడు" అని, ముత్తయ్యనూ మిల్లు కాంటానూ ఒకే లారీలో హైదరాబాద్ పంపించాడు. కాంటాను బయట వరండాలో పెట్టారు. ముత్తయ్య అక్కడ నిలబడి బరువు పలికేవాడు. నేను లోపల కౌంటర్లో కూర్చుని, కిటికీలోంచి వినపడే ఆ పాటను రాసుకుని కెప్టెన్ గారికి పంపేదాన్ని.

ఇక నడక మొదలైంది. మా దూరపు చుట్టం ఒకాయన కోదాడలో దింపుతారా అని అడిగాడు. దింపరంటే, పోనీ కాస్త స్లో చేస్తారా అన్నాడు. ఇంకొకాయన అందరికంటే ముందు ఎక్కి, పక్క సీట్ల మీద తువ్వాలు పరిచి, వెనకొచ్చే తమ్ముడి కుటుంబానికి ఆపి ఉంచాడు. ఒక పండగ పూట రద్దీ ఉంటే, నడుమ దారిలో నాలుగు స్టూళ్లు వేద్దామన్నాడు మామ. "ఇది హుజూర్‌నగర్ ఆటో కాదండీ" అని కెప్టెన్ గారు టోపీ తీసి బల్ల మీద పెట్టేశారు. స్టూళ్లు వెనక్కి పోయాయి. అయితే అలాంటి రద్దీ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతా రోజుల్లో ఎక్కేవాళ్లలో సగం మంది మా చుట్టాలే. మామ విమానానికి టికెట్ ఏమిటని వాళ్లకు సహజంగానే సందేహం. ఇంధనం వాళ్లకు మాత్రం చుట్టరికం లేదు, డబ్బు ముందు కడితేనే గొట్టం పెట్టేవాళ్లు. విమానం నేల మీద ఊరికే నిలబడినా కిరాయే. పెద్ద కంపెనీలు మా కంటే తక్కువ ధరకు టికెట్లు అమ్మడం మొదలుపెట్టాయి. ఖాళీ సీట్ల నష్టం పూడ్చుకోవడానికి మామ వెనక అరలో పార్సిళ్లు నింపసాగాడు. పచ్చళ్ల డబ్బాలు, మిరపకాయల మూటలు, ఎండాకాలమైతే మామిడి పండ్ల గంపలు. దిగిన ప్రయాణికుల బట్టలు మామిడి పండ్ల వాసన వచ్చేవి.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఒకరోజు కెప్టెన్ గారు కిందికి దిగి, మామ గదిలోకొచ్చి తలుపు వేశారు.

"రాఘవరెడ్డి గారూ, కాగితం మీద ఉన్నంత తేలిగ్గా ఇది లేవట్లేదండీ. మధ్యలో లేవాల్సింది రన్‌వే చివరిదాకా దేకుతోంది. ఇవాళ గోడ మీద కాకులు కూడా కనపడ్డాయి నాకు."

ఇంజన్లు విప్పారు, చూశారు, బిగించారు. ఏ లోపమూ లేదన్నారు. మళ్లీ ఎగిరింది, మళ్లీ అదే మాట. ఈసారి పంకాలు చూశారు, రెక్కలు చూశారు. విమానం నేల మీద ఉన్న రోజులన్నీ కిరాయి మీద కిరాయి. మామ మొహం నల్లబడిపోయింది. "ముసలోడు, భయపడుతున్నడు" అని అందరి ముందూ అనడం మొదలుపెట్టాడు. ఆ మాట కెప్టెన్ గారి చెవిన పడింది.

"భయమేనండీ. భయం ఉండబట్టే ఈ వయసు దాకా వచ్చాను. తప్పెక్కడుందో చెప్పలేను గానీ, ఉందని చెప్పగలను" అన్నారు.

"మంచిగున్నదని ఇంజనీర్లు కాయిదం ఇచ్చిన్రు. శ్రావణ శుక్రవారం మా అమ్మ ఎక్కుతది, దుర్గమ్మ దర్శనానికి. సీట్లన్ని నిండినయ్. పేపరోళ్లు వస్తున్నరు. మీరు నడపకపోతే ఇంకొకరు నడుపుతరు."

కెప్టెన్ గారు టోపీ పెట్టుకుని బయటికి నడిచారు. తర్వాత నా కౌంటర్ దగ్గరికొచ్చి మంచినీళ్లడిగారు. "నేనే నడుపుతానమ్మా. ఆ వచ్చే ఇంకొకడు నోరు మెదపని వాడైతే ఎట్లా?" అన్నారు. అడిగిన నీళ్లు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. నాకు అప్పటిదాకా విమానమంటే పేరు బిళ్లా, చీరా. ఆ నిండు గ్లాసు చూశాక మాత్రం భయం పట్టుకుంది. అమ్మమ్మను ఎక్కించొద్దని మామకు చెప్పబోయాను. "శుభం పలుకు పిల్లా" అని కసిరాడు.

శుక్రవారం పొద్దున్నే వాన. వేములపల్లి నుంచీ సూర్యాపేట నుంచీ చుట్టాలు తడుస్తూ దిగారు. అత్తల ఒంటి మీద ఇంట్లో ఉన్న బంగారమంతా ఉంది. దుర్గమ్మకు ఒడిబియ్యం, చీరెలు, దారిలో తినడానికి సకినాల డబ్బాలు, విజయవాడలో ఎవరికో ఇవ్వాల్సిన సన్నబియ్యం మూటలు. పేపరు వాళ్లు టీ తాగుతూ నిలబడ్డారు. ఒక పెద్ద నాయకుడు దండ వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అందరి తూకాలూ అయిపోయి, కొందరు అప్పుడే లోపల కూర్చున్నారు. చివరికి మిగిలింది అమ్మమ్మ. కాంటా పళ్లెం మీదికి ఎక్కలేక ఆయాసపడుతుంటే, కౌంటర్ వదిలి వచ్చి నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ముత్తయ్య వెనక నిలబడి కాంటా ముల్లు చూడటం నాకదే మొదటిసారి. ముల్లు ఒకచోట నిలబడింది. ముత్తయ్య పాట ఇంకోచోట నిలబడింది.

"ముత్తయ్య తాతా, ముల్లు గంత సూపిస్తుంటే తక్కువ జెప్తున్నవేంది?"

"తరుగు తియ్యొద్దా బిడ్డా?"

"ఏం తరుగు?"

"అమ్మ చీర తడిసింది, గది తేమ. కాళ్లకు కడియాలు, చేతిల చెంబు. గవన్ని అమ్మ బరువెట్లయితయ్? మనిషి బరువు రాయమన్నరు, మనిషిదే పలుకుతున్న."

"మరి పెట్టెలకు?"

"పెట్టెకు పెట్టె బరువు తీసేస్త. మిల్లుల గోనెకు తియ్యమా? లోపలి సరుకే గద లెక్క."

"మొదటి సంది గిట్లనేనా?"

"మీసం మొలిచిన కాడి సంది గిట్లనే" అన్నాడు ముత్తయ్య, మీసం మీద చెయ్యేసి. "ఒక్కనాడు గింజ తేడా రానియ్యలే."

చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు, వానలో వట్టికాళ్లతో పరిగెత్తాను. కెప్టెన్ గారు రెక్క కింద నిలబడి, ఎప్పటిలాగే చెయ్యేసి తడుముతున్నారు. రొప్పుతూ చెప్పాను. ఆయన మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఇన్నాళ్లూ లేచిందంటే ఆ ఇంజన్లకు దండం పెట్టాలమ్మా. ఇవాళ ఇంతమంది, ఇంత సామాను, అందరికీ తేమ తరుగు" అని రన్‌వే చివర గోడ వైపు చూశారు.

మామకు చెప్పగానే ముత్తయ్య మీదికి లేచాడు. నలుగురిలో, పేపరు వాళ్ల ముందు, "బుద్ధుందా నీకు, నా అమ్మను సంపుతుంటివి గదరా" అని అరిచాడు. ముత్తయ్య బెదరలేదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"నువ్వు నేర్పిందే గద పటేలా. ముల్లు సూపిన లెక్క పలకొద్దంటివి. గీడ లెక్క వేరే అని నాకెవరు జెప్పిన్రు?"

కెప్టెన్ గారు ముందుకొచ్చి, అందరినీ దింపి, చెప్పులతో గొడుగులతో సహా ఎట్లా ఉన్నవాళ్లను అట్లా మళ్లీ తూచాలని, పట్టినంతమందే ఎక్కాలని చెప్పారు. మామ నాయకుడి దండ వైపు చూశాడు, కెమెరాల వైపు చూశాడు. అప్పటికే అమ్మమ్మను ఎవరో తీసుకెళ్లి ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించారు. కిటికీలోంచి కనపడుతోంది. చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె కోసం కొంగు వెతుక్కుంటోంది. మామ చొక్కా చేతులు పైకి మడిచాడు. "అందరు దిగున్రి!" అని కేకేసి, పచ్చళ్ల డబ్బాలూ బియ్యం మూటలూ తన చేతులతోనే బయటికి లాగి వానలో పడేశాడు.

మళ్లీ తూచింది కూడా ముత్తయ్యే. ముల్లు చూపిన అంకెను అట్లాగే పలకడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది. ప్రతిసారీ గుటక మింగి, మామ మొహం చూసి, దొంగతనం చేస్తున్నవాడిలా గొణిగేవాడు. చుట్టాల్లో సగం మంది కిందే ఉండిపోయారు. బంగారమంతా వేసుకొచ్చిన పెద్దత్తను కూడా దింపాల్సి వచ్చింది. ఆమె చనిపోయేదాకా మాతో సరిగ్గా మాట్లాడలేదు. నాయకుడు తనంతట తనే మెల్లగా జారుకున్నాడు. మామ కూడా ఎక్కలేదు. రన్‌వే మధ్యలోకి కూడా రాకముందే విమానం గాల్లోకి లేచినప్పుడు, మామ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజు గుచ్చుకుని నొప్పి పుట్టింది. నేను ఏడ్చేశాను. మామ కూడా ఏడ్చాడు గానీ వాన కాబట్టి ఒప్పుకోలేదు. సాయంత్రం దిగాక ఎట్లుందే అని అడిగితే, "పండుకున్న. కోదాడ కాడ లేపమంటే లేపలే ఆ పిలగాడు" అంది అమ్మమ్మ. ఆ పిలగాడంటే కెప్టెన్ గారు.

నిజం బరువులు రాయడం మొదలుపెట్టాక విమానం పక్షిలా లేచేది, లెక్కలు మాత్రం ఇంకా కింద పడ్డాయి. పార్సిళ్లు తగ్గాయి, మనుషులు తగ్గారు, ఖర్చు తగ్గలేదు. చివరికి కిరాయికిచ్చిన వాళ్లు వచ్చి విమానాన్ని తీసుకుపోయారు. ఎవరి ఒంటి మీదా గీత కూడా పడకుండా మా కంపెనీ మూతబడింది. పోతూ పోతూ ముందు వరసలో తన అమ్మ కూర్చున్న జంట సీట్లు మాత్రం ఇవ్వనని మామ మొండికేసి, వాళ్ల కాళ్లూ గడ్డాలూ పట్టుకుని విప్పించుకున్నాడు. కొంతకాలానికి ఎదురు మిల్లాయన సినిమా హాలు కూడా మూతబడింది. ఆ రోజు మామ ఇంట్లో పాయసం వండించాడు.

ఇప్పుడు నేను కూడా ఏడాదికోసారి విమానం ఎక్కుతాను. చాక్లెట్లు లేవు, నమస్కారం పెట్టే అమ్మాయికి నా మొహం చూసే తీరిక లేదు. మంచినీళ్లకు కూడా డబ్బులే. కౌంటర్ దగ్గర అంకెలు మెరిసే కాంటా మీద నా పెట్టె పెడితే, కొంచెం ఎక్కువుందని అక్కడే నేల మీద కూర్చోబెట్టి చీరెలు తీయిస్తారు. అప్పుడు మాత్రం నాకు కోపం రాదు, ముత్తయ్య గుర్తొచ్చి నవ్వొస్తుంది. కంపెనీలు మూతబడుతూనే ఉన్నాయి. జీతాలు రాని ఉద్యోగులు అట్టలు పట్టుకుని నిలబడటం టీవీలో చూస్తాను. ఎక్కడైనా విమానం కూలితే టీవీ వాళ్లు రాత్రికి రాత్రే దోషిని పట్టేస్తారు. నాకు మాత్రం అంత తొందరగా ఎవరినీ వేలెత్తి చూపబుద్ధి కాదు. నిద్రలో కొంత, శిక్షణలో కొంత, మరమ్మతులో కొంత, ఎవరి అలవాటు కొద్దీ వాళ్లు కోస్తూ పోయి ఉంటారు. ఒక్కొక్కరు తీసింది గోనె బరువంతే ఉంటుంది. పైలట్లకు నిద్ర చాలట్లేదని పేపర్లో చదివినప్పుడల్లా అమ్మమ్మ కొంగు ముడి గుర్తొస్తుంది. అంతంత పెద్ద కంపెనీల్లో కళ్లు చూసి తాళం చెవి లాక్కునే ముసలమ్మ ఒక్కతి ఉంటే బాగుండుననిపిస్తుంది.

మొన్న నేను పోయేసరికి మామ కాంటా షెడ్డులో నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ముత్తయ్య పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ట్రాక్టర్‌ను ట్రాక్టర్‌గానే తూచే పెద్ద కాంటా, గోడ మీద ఎర్రటి అంకెలు. వేములపల్లి రైతు ఒకాయన సీట్లోంచి లేచి వెళ్లి ఆ అంకెలకేసి చూస్తున్నాడు. గుమాస్తా కూడా అదే చూశాడు. చూసి, ఇంకో అంకె పలికాడు.

"ఎండబోసి తెచ్చిన సారూ, చేతిల పట్టి సూడున్రి, తేమేడిది?" అన్నాడు రైతు. గుమాస్తా తలెత్తకుండా చీటీ చింపి ఇచ్చాడు.

నాకు ఉండబట్టలేదు. "మామా, విమానంల ఒక్క పూటల తరుగు బంద్ చేస్తివి. గీడ ఇంకా నడిపిస్తనే ఉన్నవా?"

మామ నల్లద్దాలు తీసి, ఆపరేషన్ అయిన కంటితో నన్ను వింతగా చూశాడు. ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నట్టు.

"దాంట్ల మా అమ్మ కూసున్నదే" అన్నాడు.

రైతు చీటీని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, ట్రాక్టర్ ఖాళీ అయ్యేదాకా కూర్చుందామని వచ్చి అమ్మమ్మ సీట్లో కూర్చున్నాడు.